వేరే చోట చూస్తున్నారు

యాదగిరి చెప్పులు విప్పలేదు. గడప అవతలే నిలబడ్డాడు. వదిన శ్యామల తెచ్చిన నీళ్ల గ్లాసును కిటికీలో పెట్టించాడు గాని ముట్టుకోలేదు.

"లోపటికి రారాదురా," అన్నాడు అన్న చంద్రకాంత్, కుర్చీలోంచి లేవకుండానే.

"కూసునేటందుకు రాలేదన్నా. ఒక్క మాట అడుగుదామని తాండూర్‌కెల్లి వచ్చిన. నాగరాణికి ఫోన్ జేసి ఏమన్నవ్ నువ్వు?"

"ఉన్నదే అన్న."

"ఏమున్నది?"

"రెండిండ్లకని పెట్టుకున్న టీవీని మీరు వాడకట్టంతటికి పంచుతున్నరని అన్న. అమ్మ చూస్తుంటే నడుమల ఆగిపోతుంది. వేరే చోట చూస్తున్నరని వస్తుంది. ఒకనాడంటే సరే. దినాం అంతే. అందుకే పాస్‌వర్డ్ మార్చిన. అన్ని కాడికెల్లి తీసేసిన."

"మార్చుకో. టీవీ నీ పేరు మీదున్నది. నేను వద్దన్ననా? గాని నా పెండ్లాన్ని దొంగ లెక్క మాట్లాడినవ్."

"దొంగ అనలె."

"ఆ మాట ఒక్కటే అనలె. మొన్నటిసంది ఆమె సక్కగ తింటలేదు."

వికారాబాద్ స్టేషన్ దారిలో చంద్రకాంత్‌కు మోటార్ల దుకాణం ఉంది. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టడం పని. రోజంతా ఆ పనిలో ఉండి ఉండి అతనికి మాటలు తక్కువయ్యాయని శ్యామల అనేది. దుకాణం పెట్టకముందు కూడా అంతేనని తల్లి రామమ్మ అనేది.

రెండిళ్లలోనూ కేబుల్ తీయించి రెండేళ్లవుతోంది. అన్నిటికంటే తక్కువ ధరలో దొరికే ఇంటర్నెట్ టీవీ ప్యాక్ ఒక్కటి తీసుకున్నారు. అందులో ఒక సమయానికి ఒక్క తెర మీదే చూడొచ్చు. అందుకని వేళలు పంచుకున్నారు. పగలంతా వికారాబాద్ వాళ్లది, చీకటి పడ్డాక తాండూరులో తమ్ముడివాళ్లది. ఇంట్లో ఉన్నప్పుడు ఈ ఏర్పాటంతా చంద్రకాంత్ కూతురు మల్లికే చేసింది. వేళలు ఎవరికేవో చెప్పింది, రామమ్మకు రిమోట్‌లో ఏ బటన్ నొక్కాలో నేర్పింది. ఆమె పేరు ఆ ఇంట్లో ఎవరూ పలక్క ఎండాకాలం పోయింది, వానాకాలమూ పోయింది.

"నీ ఫోన్ల చూస్తున్నరేమో మీ పిల్లలు," అన్నాడు చంద్రకాంత్.

యాదగిరి జేబులోంచి ఫోన్ తీసి గడప మీదుగా చాపాడు. "తీస్కో. ఎతుకు. ఆ యాప్ ఉంటే నన్ను అను. మా టీవీ అంటవా, వానల్ల పిడుగు వడి కాలిపోయింది. అప్పటిసంది గోడకు ఉత్తగనే ఉన్నది. బాగైతదా అన్నా అని నిన్నే తోలుకపోయి చూపించిన. ప్యానెల్ వోయిందిరా, బాగు జేసే ఖర్సుకు కొత్తదే వస్తదని నువ్వే చెప్పినవ్. మర్సిపోయినవా?"

చంద్రకాంత్ మర్చిపోయాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు తమ్ముడి ఇంట్లో స్టూలెక్కి టీవీ వెనక మూత విప్పింది తనే. నాగరాణి కింద నిలబడి స్టూలు పట్టుకుంది.

అతను ఫోన్ తీసుకోలేదు. యాదగిరి దాన్ని అలాగే కాసేపు పట్టుకుని, తిరిగి జేబులో పెట్టుకున్నాడు.

మూలన మంచం మీద పడుకున్న రామమ్మ లేచి కూర్చుంది. ఆమెకు ఒక కంటికి చూపు ఆనదు. టీవీని చూడడం కంటే వినడమే ఎక్కువ.

"మరి ఎవలు చూస్తున్నరురా?" అంది.

శ్యామల నేల మీద కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. ఆమె చెయ్యి ఆగింది. చంద్రకాంత్ ఆ చేతినే చూశాడు.

"మల్లిక," అంది శ్యామల, తలెత్తకుండా.

యాదగిరి ఇప్పుడు చెప్పులు విప్పాడు గాని లోపలికి అడుగు వేయలేదు.

"నాకు తెల్వదన్నా," అన్నాడు. "తాండూర్ బజార్ల కనపడ్తది. బట్టల దుకాణంల జేస్తుంది. నేను తలకాయ కిందికేసుకొని పోత. మాట్లాడొద్దని నువ్వే అంటివి గదా."

"నిన్నెవలన్నరు," అన్నాడు చంద్రకాంత్.

"ఎవలన్నా అనకున్నా చెప్తున్న." యాదగిరి మళ్లీ చెప్పులు తొడుక్కున్నాడు. "నాగరాణికి నువ్వే ఫోన్ చెయ్యి. నేను చెప్తే వినదు. వస్త అమ్మా. వస్త వదినా."

గ్లాసులో నీళ్లు అలాగే ఉన్నాయి.

*

అతను వెళ్లాక శ్యామల మళ్లీ పప్పు ఏరడం మొదలుపెట్టింది.

"ఎన్నటిసంది?" అన్నాడు చంద్రకాంత్.

"ఏది?"

"ఫోన్ చేస్తున్నవా ఆమెకు?"

"చెయ్యలె. చెయ్యనని నీకు మాటిచ్చిన. ఆమె గూడ చెయ్యలె. నా ఫోన్ నువ్వు చూస్తనే ఉన్నవ్ గదా."

అది నిజమే. అతను చూస్తూనే ఉన్నాడు.

"మరి పాస్‌వర్డ్ ఎట్ల వోయింది?"

"పోవుడేంది. పెట్టిందే ఆమె. ఆమె ఫోన్ల ఎప్పటిసందో ఉన్నది." శ్యామల చేట పక్కన పెట్టింది. "ఒకనాడు టీవీ పెడితే మనింట్ల ఎవ్వలు చూడని సీరియల్ సగం చూసి ఉన్నది. బొమ్మ కింద ఎర్ర గీత వస్తది సూడు, ఎంతవరకు చూసిండ్రని. యాదగిరోళ్ల పిల్లలనుకున్న. తెల్లారి చూస్తే గీత జర ముందుకువోయింది. మాపటికి ఇంకింత. బువ్వ తినేటప్పుడు చూసుడు ఆమెకు అలవాటు. చిన్నప్పటిసంది అంతే. అప్పుడు తెలిసింది."

"తెలిసినంక?"

"నేను గూడ చూసుడు మొదలువెట్టిన. పొద్దుగాల పనైనంక ఇంతంత చూసి ఆపేస్త. మధ్యాహ్నం తర్వాత తీస్తే నేను ఆపిన కాడికెల్లి ముందుకువోయి ఉంటది. అంతే."

"అంతే అంటే?"

"బతికున్నదని తెలుస్తది. అన్నం తిన్నదని తెలుస్తది."

చంద్రకాంత్ చేతిని చేత్తో రుద్దుకున్నాడు. వేళ్ల సందుల్లో అంటిన మోటారు తీగల వార్నిష్ ఎంత రుద్దినా పోదు.

"మనం చూస్తున్నట్టు ఆమెకు తెల్సా?"

"నువ్వు గాదు. నేను. తెలుసు. ఒకనాడు నాకు జరమొచ్చి టీవీ పెట్టలె. మర్నాడు చూస్తే గీత ఆడనే ఉన్నది. నేను చూసేదాక ఆమె చూడలె."

"ఆ సీరియల్ల కథేంది?"

"నాకేం తెల్వదు," అంది శ్యామల. "ఇద్దరు తోడికోడండ్లు ఉంటరు. ఎందుకు కొట్లాడుకుంటరో నేను పట్టించుకోలె."

అతను లేచి వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాడు. అక్కడే, ఎండలు మొదలైన రోజుల్లో, మల్లిక సంచి భుజాన వేసుకుని నిలబడింది. కొడంగల్‌లో విత్తనాల దుకాణం నడిపే మల్లేశ్వర్‌కు ఇచ్చి పెళ్లి చేసి అప్పటికి ఏడాది.

కొట్టిండా, అని అడిగాడు తను. లేదంది. తాగుతడా? లేదు. వేరే ఆడోళ్లున్నరా? లేరు. మరేంది?

"మాట్లాడడు నాన్నా," అంది మల్లిక. "పొద్దుగాల లేస్తడు, పోతడు, వస్తడు, తింటడు, పంటడు. నేను అడిగితే ఆఁ అంటడు. ఒక్కోనాడు అది గూడ అనడు. ఇంట్ల నేను ఉన్ననా లేనా అని నాకే అనుమానమైతుంది."

మాట్లాడకపోతే మొగన్ని ఇడిసిపెట్టి వస్తరా, అన్నాడు తను. పో. ఆడికి పోయినంకనే మల్ల ఈ గడప తొక్కు.

మర్నాడు ఆమె కొడంగల్ బస్సు ఎక్కలేదు. తాండూరు ప్యాసింజర్ ఎక్కింది.

అతను తిరిగి లోపలికి వచ్చేసరికి రామమ్మ తనలో తాను అనుకుంటున్నట్టు మాట్లాడుతోంది.

"మీ నాయన గొర్లతోని మస్తు మాట్లాడేటోడు. పేరువెట్టి పిలిచేటోడు ఒక్కొక్కదాన్ని. పూడూరు అడివిల మందను ఆపుకొని పొద్దంత ముచ్చట వెట్టేటోడు. ఇంటికొస్తే నోట్లె మాట లేదు. నలబై ఏండ్లు కాపురం జేసిన ఆ మనిషితోని."

"నువ్వు యాడికన్న పోయినవా?" అన్నాడు చంద్రకాంత్.

"యాడికి వోతనురా? ఉంటే పోనా?"

*

ఆ సాయంత్రమే అతను పాత పాస్‌వర్డ్ మళ్లీ పెట్టాడు. ఫోన్‌కు వచ్చిన నంబర్ కొట్టి, కళ్లజోడు పైకి కిందికి జరుపుకుంటూ, శ్యామలను ఏమీ అడక్కుండా తనే చేశాడు. టీవీ పెట్టాడు. తోడికోడళ్ల బొమ్మ కింద గీత ఎక్కడ ఆగిందో చూసి ఆపేశాడు.

తెల్లారి దుకాణానికి వెళ్లే ముందు చూశాడు. మధ్యాహ్నం అన్నానికి వచ్చి చూశాడు. గీత కదల్లేదు.

మర్నాడు కూడా అంతే. అతను టీవీ పెట్టినప్పుడల్లా శ్యామల వంటింటి గుమ్మంలోకి వచ్చి చూసి, మళ్లీ లోపలికి వెళ్తోంది. రామమ్మ తన సినిమా పెట్టమని అడిగితే చంద్రకాంత్ పెట్టాడు. ఇప్పుడు అది నడుమ ఆగిపోవడం లేదు. మొదటి నుంచి చివరి దాకా సాఫీగా నడిచింది. ఆగకుండా నడుస్తున్నంతసేపూ శ్యామల అక్కడ కూర్చోలేకపోయింది.

"పాతదే పెట్టిన గదా," అన్నాడు చంద్రకాంత్ చివరికి.

"నువ్వు అన్ని కాడికెల్లి తీసేసినవ్. ఆమె ఫోన్ల గూడ పోయి ఉంటది. మల్ల కొడితేనే వస్తది."

"కొట్టొచ్చు గదా."

"మల్ల కొట్టాలని ఆమెకెట్ల తెలుస్తది?"

అతను టీవీ వైపే చూస్తూ అన్నాడు, "ఫోన్ చెయ్యి."

"మాటిచ్చిన."

"నేనే చెప్తున్న గదా చెయ్యమని."

శ్యామల ఫోన్ తెచ్చి, నిలబడే చేసింది. స్విచాఫ్ అని వచ్చింది. మళ్లీ చేసింది. ఫోన్‌ను అతని చేతిలో పెట్టి వెళ్లి పొయ్యి మీద అన్నం చూసుకుంది. అన్నం అప్పటికే అయిపోయింది. అయినా మూత తీసి చూసింది.

చంద్రకాంత్ తన ఫోన్ నుంచి నాగరాణికి చేశాడు. ఆమె ఎత్తింది.

"నేను, బావను. నేనన్నది తప్పయింది నాగరాణి. మీరు చూసుడు గాదు."

"సరే బావా."

"మల్లిక యాడుంటదో నీకేమన్న..."

నాగరాణి గొంతు తగ్గించి చెప్పింది. "పాత బజార్ల మసీదు సందుల. కుట్టుమిషన్ రెబెక్కక్క ఇంటి మీద. రెండు మూడుసార్లు కూర ఇచ్చొచ్చిన. ఆయనకు తెల్వదు. చెప్పకు బావా."

*

వికారాబాద్ నుంచి తాండూరుకు రైలు ఎంతోసేపు పట్టదు. చంద్రకాంత్ తలుపు దగ్గర నిలబడ్డాడు. సీట్లు ఖాళీగానే ఉన్నాయి. ధారూరు దాటాక కందిచేలు వచ్చాయి, పూత మీద ఉన్నాయి. మల్లికకు ఏం చెప్పాలో అతను ఆలోచించుకోవాలనుకున్నాడు. పాస్‌వర్డ్ పాతదే పెట్టిన అని చెప్పాలి. ఆ తర్వాత ఏం చెప్పాలో తోచలేదు. తాండూరు వచ్చేసింది.

రెబెక్క మెట్ల కింద మిషన్ వేసుకుని జాకెట్ కుడుతోంది. యాభై దాటి ఉంటాయి. మెడలో టేపు వేలాడుతోంది.

"మల్లిక కోసం వచ్చిన," అన్నాడు. "పైన ఉంటదంట."

"మీరు?"

"వాళ్ల నాన్నను."

ఆమె కాలు ఆగింది. మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి దాన్ని ఆపింది.

"ఖాళీ చేసి పోయిందన్నా. కొడంగల్‌కు."

"ఎవలన్న వచ్చి తీస్కపోయిండ్రా?"

"ఎవ్వలు రాలె. ఆమెనే పోయింది. నేనే ఆటో మాట్లాడి బస్టాండుకు పంపిన."

రెబెక్క స్టూలు జరిపింది. అతను కూర్చోలేదు.

"ఏమన్న చెప్పిందా పోయేటప్పుడు?"

రెబెక్క చేతిలోని జాకెట్‌ను మడిచింది, విప్పింది. "ఒక పొద్దు ఫోన్ పట్టుకొని కిందికొచ్చింది. ఇదేందక్కా, పాస్‌వర్డ్ అడుగుతుందని. నా ముంగట్నే పాతది కొట్టింది. తప్పని వచ్చింది. మల్ల కొట్టింది. నేను నవ్విన. గా సీరియల్ ఏముందే, నా టీవీల చూడు, ఫికర్ చెయ్యకు అన్న. అప్పుడు చెప్పింది. సీరియల్ కాదక్కా, మా అమ్మ గూడ తలుపేసుకున్నది అన్నది."

"వాళ్లమ్మ మార్చలె. నేను మార్చిన."

"ఆమెకెట్ల తెలుస్తదన్నా?"

పైనుంచి నీళ్లు కారుతున్నట్టు ఎక్కడో సన్నగా శబ్దం వస్తోంది. రెబెక్క తల తిప్పి విని, మళ్లీ అతని వైపు చూసింది.

"ఏడ్వలె. ఆ రోజు అన్నం తినలె, అంతే. మర్నాడు దుకాణంల చెప్పొచ్చింది. యాడ ఉన్నా ఒక్కటే గదక్కా, ఆడనైతే కిరాయి ఉండదన్నది. నేను ఆపిన. ఉండు, జర చూద్దామన్న. వినలె." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. "మీరు పొమ్మన్న కాడికే పోయింది. ఇప్పుడేం మాట్లాడదామని వచ్చిండ్రు?"

అతను మెట్ల వైపు చూశాడు.

"గది చూస్తరా? ఇంక ఎవ్వరికి ఇయ్యలె."

వద్దనబోయి ఎక్కాడు. నీలి తాండూరు బండలు పరిచిన నేల, తుడిచి పెట్టిపోయినట్టుంది. ఒక కిటికీ. దాని పక్కన గోడలో ప్లగ్గు, దాని కింద ఒక మనిషి రోజూ ఆనుకుని కూర్చున్నచోట సున్నం అరిగిపోయి ఉంది. ఫోన్ చార్జింగ్ పెట్టుకుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుని ఆమె అక్కడే కూర్చుని ఉండాలి. అతను అక్కడ నిలబడ్డాడు. ఏమీ అనిపించలేదు. ఏదో ఒకటి అనిపించాలని కాసేపు చూసి దిగి వచ్చాడు.

*

బస్టాండులో మల్లేశ్వర్‌కు ఫోన్ చేశాడు.

"మల్లేశ్, నేను. మామను."

అవతల దుకాణం చప్పుడు వినిపిస్తోంది. ఎవరో వేరుశనగ విత్తనం ధర అడుగుతున్నారు.

"మల్లిక వచ్చిందా?"

"ఆఁ."

"మంచిగున్నదా?"

జవాబు లేదు. చంద్రకాంత్ ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి చూశాడు. కట్ కాలేదు.

"మల్లేశ్."

"ఆఁ."

"జర ఆమెకు ఇయ్యరాదు ఫోన్."

"దుకాణంల ఉన్న."

"ఇంటికి పోయినంక ఇస్తవా?"

సంచి లాగిన శబ్దం. తరాజులో గింజలు పోసిన శబ్దం. చంద్రకాంత్ ఎదురుచూశాడు. అడిగింది వినబడలేదేమోనని మళ్లీ అడిగాడు. అవతలి మనిషికి కోపం లేదు. విసుగూ లేదు. ఫోన్ పెట్టెయ్యాలన్న తొందర కూడా లేదు. ఫోన్‌లో ఒక మనిషి ఉన్నాడన్న సంగతే అతని దాకా పోలేదు. చంద్రకాంత్‌కు ఏదైనా మాట అనాలనిపించింది, తిట్టయినా సరే. ఏం అన్నా ఇంతేనని తెలిసింది. చివరికి తనే ఆపేశాడు.

ఒక ఏడాది, అనుకున్నాడు. ఆ పిల్ల ఏడాది ఉంది.

కొడంగల్ బస్సు స్టార్టయి ఉంది. అతను ఎక్కాడు. కూర్చున్నాక గాని వికారాబాద్ రైలు ఎక్కాల్సినవాడినని గుర్తు రాలేదు. జేబులో ఫోన్ మోగింది.

"కలిసిందా?" అంది శ్యామల.

"లేదు. కొడంగల్ పోయింది."

ఆమె వెనక టీవీ నడుస్తోంది. ఎవరో పాట పాడుతున్నారు. రామమ్మ ఒక్కతే వింటున్నట్టుంది.

"మనం తలుపేసుకున్నమనుకున్నది," అన్నాడు చంద్రకాంత్. "నువ్వు వేసుకున్నవనుకున్నది."

"ఇప్పుడు నువ్వు యాడున్నవ్?"

"కొడంగల్ బస్సుల."

"ఎందుకు?"

"తోలుకొస్త."

కండక్టర్ వచ్చాడు. చంద్రకాంత్ నోటు ఇచ్చి, కొడంగల్ అన్నాడు. చిల్లర చేతిలో పెట్టి కండక్టర్ వెనక సీటుకు వెళ్లాడు. శ్యామల ఇంకా లైన్లోనే ఉంది.

"పొమ్మన్నది నువ్వే," అంది. ఆమె గొంతు పైకి లేవలేదు. "ఇప్పుడు రమ్మనేది నువ్వే. వస్తవా అని ఆమెను అడిగినవా?"

"పోయినంక అడుగుత."

"రానంటే?"

బస్సు మలుపు తిరిగింది. దారికి అటూ ఇటూ పాలిష్ ఫ్యాక్టరీల ముందు కోసిన బండలు నిలువుగా ఆనించి ఉన్నాయి. వాటి మీద తెల్లని దుమ్ము.

"రానంటే ఏం చేస్తవ్? మల్ల గడప తొక్కొద్దంటవా?"

"అనను."

"మరేం చేస్తవ్?"

"తెల్వదు," అన్నాడు చంద్రకాంత్.

"అయితే ముందుగాల అది ఆలోచించుకో. అదైనంకనే వాళ్ల తలుపు కొట్టు," అంది శ్యామల. ఫోన్ పెట్టేసింది.

బస్సు తాండూరు దాటింది.